ఓపీ కౌంటరు నుంచి వార్డు దాకా: ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల వైద్యానికి తోటి మార్గదర్శులను ఏర్పాటు చేసుకునే విధానం

ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు వైద్యాన్ని మధ్యలో వదిలేసిన సందర్భాలను విచారిస్తే, వాటిలో చాలావరకు డాక్టరు గదికి చేరకముందే జరిగినవని తెలుస్తుంది. ఏ పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు నిలదీయడం, ఓపీ కౌంటరులో ఆడవారి వరుసలో నిలబడితే ఒకరు, మగవారి వరుసలో నిలబడితే ఇంకొకరు గొణగడం, చీర కట్టుకున్న మనిషిని ఆధార్‌లో ఉన్న మగపేరుతో వంద మంది ముందు గట్టిగా పిలవడం, ఏ వార్డులో మంచం ఇవ్వాలో తేలక స్ట్రెచర్ మీదే గంటలు గడిచిపోవడం వంటివి ఒక్కొక్కటిగా చూస్తే చిన్నవిగానే కనిపిస్తాయి. అయితే జ్వరంతో వచ్చిన మనిషి వీటన్నింటినీ దాటేసరికి ఓపీ సమయమే ముగిసిపోతుంది, లేదా ఓపిక నశించి మెడికల్ షాపులో నాలుగు మాత్రలు కొనుక్కుని ఇంటికి వెళ్లిపోతారు. ఈ దూరాన్ని రోగి పక్కన ఉండి దాటించే మనిషే తోటి మార్గదర్శి, అంటే పీర్ నావిగేటర్. నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో ఇటువంటి ఏర్పాటు చేయదలచిన సముదాయ సంఘాలకు, స్వచ్ఛంద సంస్థలకు, ఆసుపత్రి అధికారులకు ఉపయోగపడేలా ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

రోగికి తోడుగా ఒక మార్గదర్శిని పెట్టే పద్ధతి 1990లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో, రొమ్ము క్యాన్సర్ పరీక్షలు, చికిత్స ఆలస్యమవుతున్న పేద స్త్రీల కోసం డాక్టర్ హెరాల్డ్ ఫ్రీమన్ ప్రారంభించినది. మన దగ్గర కూడా జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నిధులతో నడిచే ప్రాజెక్టులలో పీర్ ఎడ్యుకేటర్లు ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నారు కాబట్టి, కొత్త పథకం మొదలుపెట్టేవారు ముందుగా వారితోనే మాట్లాడాలి. అయితే వారి పని ప్రధానంగా హెచ్ఐవీ, సుఖవ్యాధుల నివారణ చుట్టూ తిరుగుతుంది. షుగరు, బీపీ, విరిగిన చేయి, హార్మోన్లు, నిద్రలేమి వంటివి ఆ ప్రాజెక్టుల లెక్కలో ఉండవు. కడుపునొప్పితో వెళ్లినా ముందు హెచ్ఐవీ పరీక్ష గదికే పంపుతారన్న భయం సముదాయంలో బలంగా ఉన్నందున, మార్గదర్శిని కేవలం ఎయిడ్స్ విభాగానికి కట్టిపెట్టడం మంచిది కాదని నా అభిప్రాయం. ఆమె పేరు ఆసుపత్రి మొత్తానికి చెందినదిగా కనిపించాలి.

మార్గదర్శిని ఎంచుకోవడం

మన జిల్లాలలో హిజ్రా సముదాయం గురువు, చేలా (శిష్యురాలు) బంధాల మీద నడుస్తుంది. ఒక చేలా ఆసుపత్రికి వెళ్లాలా వద్దా, ఆపరేషన్ ఎప్పుడు చేయించుకోవాలి అన్న నిర్ణయాలలో గురువు మాటకు బరువు ఉంటుంది. అందువల్ల పథకం గురించి మొట్టమొదట పెద్ద గురువుల ఇళ్లకు వెళ్లి, కూర్చుని చెప్పాలి. గురువుకు తెలియకుండా చేలాను నియమిస్తే ఆ ఇంటి నుంచి ఒక్క రోగి కూడా రారు. అలాగని నియామకాన్ని ఒకే గురువు చేతిలో పెట్టినా మిగిలిన ఇళ్లవారు దూరమవుతారు. కనీసం ఇద్దరు మార్గదర్శులుండాలి, వారు వేర్వేరు ఇళ్లకు చెందినవారై ఉండాలి. వీలైతే మూడవ వ్యక్తిగా ఒక ట్రాన్స్ పురుషుణ్ణి, అంటే పుట్టుకలో ఆడపిల్లగా నమోదై పురుషుడిగా జీవించే వ్యక్తిని, తీసుకోవాలి. ట్రాన్స్ పురుషులు గురువుల ఇళ్లలో ఉండరు, చాలామంది తల్లిదండ్రుల దగ్గరే, ఎవరికీ చెప్పుకోకుండా ఉంటారు. వారికి స్త్రీల వైద్య విభాగానికి వెళ్లడం అన్నింటికంటే కష్టమైన పని, ఆ కష్టం తెలిసిన మనిషి తోడుంటేనే వారు కదులుతారు. ఏ హిజ్రా కూటమిలోనూ, అంటే ఏ జమాత్‌లోనూ చేరకుండా కూలి పనో, ఉద్యోగమో చేసుకుంటున్న ట్రాన్స్ స్త్రీలు కూడా ఉన్నారని మరువకూడదు.

చదువు విషయంలో పెద్ద అర్హతలు పెట్టనవసరం లేదు. ల్యాబ్ రిపోర్టులో పేరు, తేదీ, అంకెలు చదవగలగడం, ఫోనులో ఫారం నింపగలగడం, విన్న రహస్యాన్ని తనలోనే ఉంచుకోగలగడం సరిపోతాయి. మూడవదానిని ఇంటర్వ్యూలో తెలుసుకోలేము కాబట్టి, ఆ వ్యక్తిని గురించి సముదాయంలో నలుగురిని విడివిడిగా అడిగి తెలుసుకోవాలి.

జీతం విషయంలో మాత్రం రాజీ పడకూడదు. ఒక రోజంతా ఆసుపత్రిలో గడిపే మనిషి ఆ రోజు బజారు వసూళ్లు వదులుకుంటుంది. సేవ పేరుతో ఉచితంగా పని చేయించుకుంటే రెండు నెలలు తిరగకుండానే ఆమె రావడం మానేస్తుంది, ఆ తప్పు ఆమెది కాదు. నెల జీతం, బస్సు చార్జీలు, ఫోను రీచార్జి, ఆసుపత్రి ముద్ర ఉన్న గుర్తింపు కార్డు ఈ నాలుగూ లేకుండా పని ప్రారంభించవద్దు. నిధుల కోసం ఆసుపత్రి అభివృద్ధి సంఘాన్ని, ఎయిడ్స్ నియంత్రణ ప్రాజెక్టులను, జిల్లాలోని పరిశ్రమల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులను కలిపి అడగాలి. ఒకే దాత మీద ఆధారపడితే ఏమవుతుందో హైదరాబాదు అనుభవం చూపింది. 2021 జనవరిలో నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం ప్రారంభమైన మిత్ర్ క్లినిక్ అమెరికా ప్రభుత్వ సహాయంతో నడిచేది. 2025 ఆరంభంలో ఆ సహాయం నిలిచిపోగానే మూతపడింది, తరువాత టాటా ట్రస్ట్స్ మద్దతుతో సబ్‌రంగ్ క్లినిక్ పేరిట మళ్లీ తెరుచుకుంది. అందరికీ అటువంటి రెండవ అవకాశం దొరకదు.

ఆసుపత్రిని ముందుగా చుట్టి రావడం

మొదటి రోగిని తీసుకెళ్లడానికి ముందే మార్గదర్శులు ఆసుపత్రి అంతా తిరిగి, తమ చేతితో ఒక పటం గీసుకోవాలి. నెల్లూరు దర్గామిట్టలోని సర్వజన ఆసుపత్రి అయినా, ఒంగోలులో ఇప్పటికీ అందరూ రిమ్స్ అనే పిలిచే సర్వజన ఆసుపత్రి అయినా, ఏ కౌంటరు ఎప్పుడు రద్దీగా ఉంటుంది, ఏ విభాగం ఓపీ ఏయే రోజులలో ఉంటుంది, రక్తపరీక్ష రిపోర్టు ఎక్కడ, ఎన్ని గంటలకు ఇస్తారు, వైద్యమిత్ర (డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ పథకం సహాయక సిబ్బంది) కూర్చునే చోటు ఏది, ఇబ్బంది లేకుండా వాడుకోగల మరుగుదొడ్డి ఎక్కడుంది అన్నవి ఆ పటంలో ఉండాలి. మరుగుదొడ్డి సంగతి చిన్నదని అనుకోవద్దు. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా కూర్చునే రోగులు ఇందువల్లనే ఉన్నారు.

ప్రతి రోగినీ పెద్దాసుపత్రికి తీసుకురావలసిన అవసరం కూడా లేదు. గిద్దలూరు నుంచి ఒంగోలుకు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం, ఉదయగిరి నుంచి నెల్లూరుకు వచ్చేవారికి కూడా రోజంతా పోతుంది. బీపీ, షుగరు మాత్రలు, టీబీ మందులు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరుకుతాయి కాబట్టి, అక్కడి ఏఎన్ఎంతో, ఆశా కార్యకర్తతో పరిచయం చేయించడమే ఆ రోగికి ఎక్కువ మేలు చేస్తుంది. స్థానికంగా అందరికీ తెలిసిపోతుందని భయపడేవారు దూరపు ఆసుపత్రినే కోరుకోవచ్చు. ఆ ఎంపిక రోగిది.

తరువాత సూపరింటెండెంట్‌ను కలిసి, మాటగా కాకుండా కాగితం మీద ఒక సర్క్యులర్ ఇప్పించుకోవాలి. మార్గదర్శికి ఓపీలోనూ వార్డులోనూ ప్రవేశం ఉందని, రోగిని టోకెన్ నంబరుతో గాని, వారు కోరిన పేరుతో గాని పిలవాలని, వార్డు విషయంలో సందేహం వస్తే ఆర్ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు) వెంటనే రోగిని అడిగి నిర్ణయించాలని అందులో ఉండాలి. వైద్యసేవల్లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులపట్ల వివక్ష చూపరాదని 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం మూడవ సెక్షన్ చెబుతోంది. తమ లింగ గుర్తింపును తామే నిర్ణయించుకునే హక్కును సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) కేసు తీర్పులో గుర్తించింది. సర్క్యులర్‌లో ఈ రెండింటినీ ఒక వాక్యంలో ఉటంకిస్తే అధికారికి సంతకం పెట్టడం తేలికవుతుంది.

శిక్షణ అనగానే డాక్టర్లకు సదస్సు పెట్టాలన్న ఆలోచన వస్తుంది. నేనైతే సెక్యూరిటీ గార్డులు, ఓపీ కౌంటరు ఆపరేటర్లు, వార్డు సహాయకులైన ఎంఎన్ఓలు, ఎఫ్ఎన్ఓలతో మొదలుపెడతాను, ఎందుకంటే రోగిని ముందుగా చూసేది వాళ్లే. ఉపన్యాసాలు అక్కరలేదు. మార్గదర్శి స్వయంగా పరిచయం చేసుకుని, ఎలా పిలిస్తే బాగుంటుందో, ఏ ప్రశ్న బాధిస్తుందో చెప్పి, వాళ్ల సందేహాలు కూడా విని, టీ తాగి వస్తే చాలు. ఔట్‌సోర్సింగ్ సిబ్బంది తరచూ మారిపోతుంటారు గనుక ఈ పరిచయాన్ని మూడు నాలుగు నెలలకొకసారి కొత్తవారితో మళ్లీ జరపాలి.

రోగి వెంట వెళ్లే రోజు

పని ముందురోజు సాయంత్రం ఫోనుతో మొదలవుతుంది. ఆధార్, రైస్ కార్డు, ఉంటే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు, పాత చీటీలు, వాడుతున్న మందుల అట్టలు తెచ్చుకోమని చెప్పాలి. ఏ పేరుతో పిలిపించుకుంటారో, డాక్టరుకు ఏది చెప్పదలిచారో, ఏది చెప్పదలుచుకోలేదో అడిగి తెలుసుకోవాలి. ఓపీ చీటీ మీద పేరు ఆధార్‌తో సరిపోకపోతే తరువాత డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ కింద అడ్మిషన్ దగ్గర చిక్కు వస్తుంది. కాబట్టి రికార్డులో కార్డు మీది పేరునే రాయించి, కోరిన పేరును చీటీ మూలన రాయమని అడగడం ప్రస్తుతానికి ఆచరణలో నడిచే పద్ధతి.

డాక్టరు గదిలోకి వెళ్లేముందు "అక్కా, నేను లోపలికి రావాలా, బయట ఉండాలా?" అని ప్రతిసారీ అడగాలి, నిన్న రమ్మన్నారు కదా అని ఈరోజు చొరవ తీసుకోకూడదు. లోపలికి వెళ్లినా రోగి తరఫున మాట్లాడకూడదు. రోగికి మాట తడబడినప్పుడు అందించడం వేరు, రోగిని పక్కన పెట్టి డాక్టరుతో మాట్లాడడం వేరు. రెండవది అలవాటైతే మార్గదర్శి లేనిదే రోగి ఆసుపత్రి గడప తొక్కలేని పరిస్థితి వస్తుంది. జ్వరానికి వచ్చిన మనిషిని ఆపరేషన్ అయిందా అని అడిగితే, "డాక్టరుగారూ, ఈ జ్వరానికి ఆ వివరం అవసరమా?" అని మర్యాదగా అడగవచ్చని రోగికి ముందే చెప్పి ఉంచాలి. అయితే హార్మోన్లు వాడుతుంటే ఆ సంగతి దాచవద్దని కూడా చెప్పాలి. కొన్ని మందులు వాటితో పడవు, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ వంటి పరీక్షల సాధారణ విలువలు స్త్రీ పురుషులకు వేరుగా ఉండటంతో, హార్మోన్లు వాడేవారి రిపోర్టును ఏ కొలతతో చదవాలో డాక్టరు తెలిసి నిర్ణయించాలి.

అడ్మిషన్ అవసరమైతే మంచం విషయంలో ఆర్ఎంఓతో వెంటనే మాట్లాడాలి. రోగి కోరితే పక్క గది ఇవ్వడం మంచిదే గాని, కోరకుండా ఒంటరి గదిలో పెట్టడం అంటువ్యాధి రోగిని దూరం పెట్టినట్టే ఉంటుంది. ఆపరేషన్ అంగీకార పత్రం మీద స్పృహలో ఉన్న వయోజన రోగి ఎవరైనా తామే సంతకం పెట్టవచ్చు. తల్లిదండ్రులు రావాలని సిబ్బంది పట్టుబట్టినప్పుడు ఈ మాట నిదానంగా గుర్తుచేయాలి, తోడుగా ఉండేవారి గడిలో గురువు పేరో, తోటి చేలా పేరో రాయించాలి. మరణం సంభవించి రక్తసంబంధీకులు అందుబాటులో లేనప్పుడు దేహాన్ని దగ్గరివారు తీసుకునే విషయమై కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2024లో రాష్ట్రాలకు లేఖ రాసింది. దాని ప్రతి ఒకటి మార్గదర్శి సంచిలో ఉంటే మార్చురీ దగ్గర వాదన తగ్గుతుంది.

డిశ్చార్జి రోజున మందుల పేర్లు, వేళలు తెలుగులో రాసి ఇచ్చి, తిరిగి రావలసిన తేదీని రోగి ఫోనులో అలారంగా పెట్టాలి.

మార్గదర్శికి తెలిసి ఉండవలసిన వైద్య విషయాలు

మార్గదర్శి మందు చెప్పకూడదు, మోతాదు మార్చకూడదు. అయితే ప్రమాదాన్ని గుర్తుపట్టగలగాలి. ట్రాన్స్ స్త్రీలలో చాలామంది స్నేహితుల మాట విని గర్భనిరోధక మాత్రలను మెడికల్ షాపులో కొని రోజుకు రెండు మూడు చొప్పున మింగుతుంటారు. ఆ మాత్రలలోని ఈస్ట్రోజన్ రకం రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతుంది, పొగతాగేవారిలో అది మరింత ఎక్కువ. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి కనిపిస్తే ఓపీ కోసం ఎదురుచూడకుండా 108కి ఫోను చేయాలి. పురుష హార్మోన్లను అణచడానికి స్పైరోనోలాక్టోన్ వాడేవారికి రక్తంలో పొటాషియం పెరగవచ్చు, అదే పనికి వాడే సైప్రోటెరోన్ కాలేయానికి హాని చేయవచ్చు గనుక, ఇవి వాడుతున్నవారిని మానమని బెదిరించకుండా, రక్తపరీక్షకు తీసుకెళ్లి ఎండోక్రైనాలజీ లేదా జనరల్ మెడిసిన్ డాక్టరు పర్యవేక్షణలోకి తేవాలి. మాత్రలు మానేస్తేనే వైద్యం చేస్తానంటే రోగి డాక్టరునే మానేస్తారు.

ట్రాన్స్ పురుషులు వాడే టెస్టోస్టిరాన్ వల్ల ఎర్ర రక్తకణాలు పెరిగి రక్తం చిక్కబడవచ్చు. నెలసరి ఆగినంత మాత్రాన గర్భం రాదన్న నమ్మకం సరికాదు. గర్భాశయ ముఖద్వారం ఉన్నవారందరికీ క్యాన్సర్ స్క్రీనింగ్ అవసరమే.

నిర్వాణం (పురుషాంగం, వృషణాలు తొలగించే ఆపరేషన్) నాటు పద్ధతిలో చేయించుకుని రక్తస్రావంతోనో, మూత్రం ఆగిపోయో వచ్చేవారి విషయంలో ఆలస్యం ప్రాణాంతకం. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఇంట్లో దాచకుండా వెంటనే క్యాజువాలిటీకి తేవాలని గురువులకు ముందే నచ్చచెప్పి ఉంచాలి. శస్త్రచికిత్స కోరేవారికి మన జిల్లాల నుంచి చెన్నై దగ్గర. తమిళనాడు ప్రభుత్వాసుపత్రులలో ఈ సేవలు చాలాకాలంగా ఉన్నాయి, అక్కడ పనిచేసే సముదాయ కార్యకర్తలతో ముందుగా మాట్లాడి పంపడం మేలు. బలాత్కారమో, అరక్షిత సంపర్కమో జరిగితే హెచ్ఐవీ నివారణ మందు 72 గంటలలోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది కాబట్టి తెల్లవారేదాకా ఆగకూడదు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తయ్యాయో లేదో ప్రతి కొత్త రోగినీ అడగాలి.

పిల్లల్ని "మార్చమని" తల్లిదండ్రులు వైద్యుల చుట్టూ తిప్పే సందర్భాలు కనిపిస్తాయి. అటువంటి మార్పిడి చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. కుంగుబాటుకు, ఆత్మహత్య ఆలోచనలకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416లో తెలుగులో మాట్లాడవచ్చు.

కార్డులు, పథకాలు

ఇల్లు విడిచిన మనిషి పేరు ఎక్కువగా పుట్టింటి రైస్ కార్డులోనే ఉండిపోతుంది, లేదా తీసివేయబడి ఉంటుంది. అందువల్ల వైద్యసేవ అవసరపడిన రోజున కార్డు చేతిలో ఉండదు. జబ్బు రాకముందే సచివాలయంలో ఈ పని పూర్తి చేయించాలి. ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రానికి కేంద్రం 2020లో జాతీయ పోర్టల్ ప్రారంభించింది, జారీ చేసేది జిల్లా కలెక్టర్. పోర్టల్ ద్వారా పత్రం పొందినవారికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం అందేలా ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ పథకానికి 2022 ఆగస్టులో ఒప్పందం జరిగింది. నిబంధనలు సవరణకు లోనవుతుంటాయి కాబట్టి దరఖాస్తు నాటికి ఏది అమలులో ఉందో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో, లేదా 15100కు ఫోను చేసి సరిచూసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో కందుకూరు నెల్లూరు జిల్లాకు, గూడూరు తిరుపతి జిల్లాకు మారాయి, ఆ తరువాత మళ్లీ సరిహద్దులు కదిలాయి. పాత చిరునామాతో ఒక కలెక్టరేట్ చుట్టూ తిరిగి, మీది ఈ జిల్లా కాదని తెలిసి వెనుదిరగకుండా ముందే చూసుకోవాలి. పింఛను సంగతి విభిన్న ప్రతిభావంతులు, హిజ్రాలు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయంలో తెలుస్తుంది.

రహస్యం

ఈ పనిలో అన్నింటికంటే కష్టమైనది ఇదే. మార్గదర్శి, రోగి ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే పండుగకు వెళతారు, ఒకే పంచాయితీలో కూర్చుంటారు. డాక్టరుకు లేని ఒత్తిడి మార్గదర్శి మీద ఉంటుంది, ఎందుకంటే చేలాకు ఏ జబ్బో చెప్పమని గురువే అడగవచ్చు. దానికి జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి. "గురువుగారూ, రేపు మీ సంగతి ఆమె అడిగినా నేను ఇలాగే చెప్పను" అన్న మాట సాధారణంగా పనిచేస్తుంది, పెద్దల గౌరవానికీ భంగం కలగదు. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదు, ఒకరి స్థితిని వారి అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. నియామకం రోజునే మార్గదర్శికి ఈ చట్టాన్ని చదివి వినిపించి సంతకం తీసుకోవాలి.

రిజిస్టరులో పేర్ల బదులు సంకేత సంఖ్యలు రాయాలి, ఏ సంఖ్య ఎవరిదో తెలిపే పుస్తకం వేరే బీరువాలో ఉండాలి. రిపోర్టుల ఫోటోలు వాట్సాప్ గ్రూపులలో పెట్టకూడదు. దాతకు పంపే నివేదికలలో రోగి ఫోటో అడిగితే ఇవ్వబోమని మొదటే చెప్పాలి. ఒక రోగికి ఈ మార్గదర్శితో పాత తగాదా ఉంటే, కారణం అడగకుండా రెండవ మార్గదర్శికి అప్పగించాలి. ఇద్దరు ఉండాలని పైన చెప్పడానికి ఇది కూడా కారణం.

అవమానం జరిగినప్పుడు

అదే రోజు ఆర్ఎంఓకు మాటగా చెప్పడం, మారకపోతే సూపరింటెండెంట్‌కు తేదీ, సమయం, విభాగంతో రాతపూర్వకంగా ఇచ్చి ప్రతి మీద ముద్ర వేయించుకోవడం, ఆపైన సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టడం సరైన వరుస. సిబ్బందిని వీడియో తీసి ఫోనుల్లో తిప్పడం నాకు నచ్చదు. ఆ రోజుకు కోపం తీరవచ్చు గాని, రేపు వచ్చే రోగికి ఆ కౌంటరులో మరింత కష్టమవుతుంది. చేయి చేసుకున్నా, అత్యవసర వైద్యం నిరాకరించినా మాత్రం ఈ మెట్లన్నీ ఎక్కుతూ కూర్చోనవసరం లేదు, నేరుగా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించాలి.

మార్గదర్శుల అలసట, లెక్కలు, అప్పగింత

అర్ధరాత్రి ఫోన్లు, తోటివారి ఆత్మహత్యలు, మార్చురీ దగ్గర నిరీక్షణలు మార్గదర్శిని లోపల నుంచి అలసింపజేస్తాయి. పనికి వేరే ఫోను నంబరు, వారానికి ఒక పూర్తి సెలవు, రాత్రి విధులలో ఇద్దరూ వంతులు, నెలకొకసారి మానసిక వైద్య విభాగంలోని సోషల్ వర్కరుతో మాట్లాడే వేళ నియమావళిలోనే రాసి ఉంచాలి.

పని ఎలా సాగుతోందో చూడటానికి ఎంతమందిని ఆసుపత్రికి తెచ్చారన్న లెక్క పెద్దగా ఉపయోగపడదు. రెండవసారి తిరిగి వచ్చినవారు ఎందరు, టీబీ మందులు చివరిదాకా వాడినవారు ఎందరు, మార్గదర్శి తోడు లేకుండా తామే వచ్చి వెళ్లినవారు ఎందరు అని ప్రతి మూడు నెలలకు చూసుకోవాలి. చివరి అంకె పెరుగుతుంటే పథకం సక్రమంగా నడుస్తున్నట్టే. ఒక మార్గదర్శి పని మానేసి వెళ్లేటప్పుడు ఆసుపత్రి పటం, పరిచయమున్న సిబ్బంది జాబితా, మధ్యలో ఉన్న చికిత్సల వివరాలు కొత్తవారికి అప్పగించేందుకు కనీసం నెల రోజులు ఇద్దరూ కలిసి తిరగాలి. ఏ రోగి వివరాన్నైనా కొత్త మార్గదర్శికి చెప్పేముందు ఆ రోగిని అడిగి తీరాలి, వద్దన్నవారి పేజీని మూసి ఉంచి, వారు తామే వచ్చినప్పుడు మొదటినుంచి ప్రారంభించాలి.